బజ్జీల పొట్లం, చేతి గడియారం

పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఈ వారం నూనె నింపిన గడియారాల గురించి

చిక్కడపల్లిలో నా దుకాణం అంటే మెట్ల కింద ఆరడుగుల చోటు. ముప్పై నాలుగేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను. గడియారంలోకి వాన నీళ్ళు పోయాయని వచ్చేవారు, చెమట పోయిందని వచ్చేవారు, ఒకసారి పెళ్ళి భోజనంలో సాంబారు పోయిందని వచ్చినవారు నాకు తెలుసు. కావాలని నూనె పోయించుకోవడానికి రావడం మాత్రం ఈ రెండేళ్ళలో మొదలైంది. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లోనూ అదే ప్రశ్న పదేపదే వస్తోంది. అందుకని పట్టీలు, సెల్లులు, గీతలు పడిన గాజుల సంగతి వచ్చే వారానికి వాయిదా వేసి, ఈసారి పేజీ మొత్తం నూనెకే ఇచ్చేశాను.

*

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ గడియారం కొని, వారం తిరక్కుండానే వెనక మూత విప్పి దాన్నిండా ఏదో నూనె పోశాడు. ‘చూడమ్మా, అంకెలు గాజు మీదికే వచ్చేశాయి’ అని మురిసిపోతున్నాడు. చూస్తే నిజంగానే వింతగా ఉంది. ఇది పిచ్చా, విద్యా? షార్ట్ సర్క్యూట్ అయి చేయి కాలుతుందేమోనని నా భయం.
— ఒక తల్లి, కూకట్‌పల్లి

అమ్మా, ముందు మీ భయం తీర్చి, తరువాత విద్య సంగతికి వస్తాను. మీ వీధి మలుపులో రెండు స్తంభాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, దాని కడుపు నిండా నూనే. పదకొండు వేల వోల్టుల తీగ చుట్టలు అందులో మునిగి ఉంటాయి. వేడిని బయటికి లాగడానికి, కరెంటు పక్కదారి పట్టకుండా ఆపడానికి కావాలనే పోస్తారు. మీ అబ్బాయి గడియారంలో ఉన్నది 3 వోల్టుల బిళ్ళ సెల్లు. ఎలక్ట్రానిక్ వస్తువులకు నీళ్ళు శత్రువు కావడానికి కారణం వాటిలో కలిసి ఉండే లవణాలు. వాటి గుండా కరెంటు పారుతుంది, లోహం తుప్పు పడుతుంది. శుభ్రమైన సిలికాన్ నూనె గుండా కరెంటు పారదు. చేయి కాలదు, నిశ్చింతగా ఉండండి.

ఇక విద్య. సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చి విప్పుతారు. కాగితం నూనె పీల్చిన చోట అవతల పెట్టిన వేలు కనిపిస్తుంది, పీల్చని చోట కనిపించదు. కాగితం అదే. అందులో మారిందల్లా పోగుల మధ్య ఉన్న గాలి. గాలికి, కాగితపు పోగుకు మధ్య కాంతి దాటే ప్రతి హద్దు దగ్గరా కొంత వెలుగు చెదిరిపోతుంది. అలాంటి హద్దులు వేలకొద్దీ ఉంటాయి కాబట్టి కాగితం తెల్లగా, అడ్డుగోడలా నిలుస్తుంది. గాలిని తోసేసి నూనె కూర్చుంటే హద్దులు మెత్తబడిపోతాయి. నూనెకూ పోగుకూ కాంతిని వంచే గుణంలో పెద్ద తేడా లేదు. కాంతి అడ్డు లేకుండా దాటిపోతుంది.

మీ అబ్బాయి గడియారంలో జరిగింది ఇదే. మామూలు గడియారంలో గాజుకు, కింద అంకెలకు మధ్య సన్నని గాలి పొర ఉంటుంది. కాంతిని వంచే ఆ గుణాన్నే పదో తరగతిలో వక్రీభవన గుణకం అని చదివిస్తారు: గాలికి దాదాపు 1, నీటికి 1.33, సిలికాన్ నూనెకు 1.40 ప్రాంతం, గాజుకు సుమారు 1.5. గాలికీ గాజుకూ మధ్య అంత ఎడం ఉండటం వల్ల ఆ హద్దు మీద పడిన వెలుగులో 4 శాతం దాకా వెనక్కి కొడుతుంది. మన కంటికి మెరుపుగా, మసకగా కనిపించేది ఆ వెనక్కి కొట్టిన వెలుగే. గాలి స్థానంలో నూనె పోస్తే లోపలి హద్దు దగ్గర ఆ 4 శాతం కాస్తా 0.2 శాతం లోపుకు పడిపోతుంది. గాజు పైముఖం మీద మెరుపు ఎలాగూ ఉంటుంది, దాన్ని నూనె ఏమీ చేయలేదు. లోపలి మెరుపు మాత్రం పోయినట్టే. (గాజు అంటున్నాను కానీ మీవాడి గడియారానికి ఉన్నది గాజులాంటి ప్లాస్టిక్. లెక్కలో పెద్ద తేడా రాదు.)

ఇంకో సంగతి కూడా ఉంది. నిండు బావి అడుగు ఉన్నదానికన్నా పైకి కనిపిస్తుంది కదా, అలాగే నూనె కింద ఉన్న డయల్ కూడా పైకి తేలినట్టు కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్ల లోతులో ఉన్నది మిల్లీమీటరున్నర లోపు లోతులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే అంకెలు గాజు మీదికి వచ్చేశాయి అన్నాడు మీవాడు. సరిగ్గానే చూశాడు.

నిజం చెప్పాలంటే మొదట నేను కూడా వెక్కిరించినవాడినే. కిందటి ఏడాది ఫిబ్రవరిలో ఒక కుర్రవాడు పట్టీ మార్చమని తన గడియారం ఇచ్చి టీ తాగడానికి వెళ్ళాడు. ముళ్ళున్న గడియారం, నల్ల డయల్. నా బల్ల మీద ట్యూబులైటు సరిగ్గా నెత్తిన ఉంటుంది. ఏ గడియారం పెట్టినా అందులో ఆ లైటు తెల్లగా, జంటగీతలా పడుతుంది. ఇందులో ఒక్క గీతే పడింది. పక్కకు వంచాను. తల బల్లకు ఆనేదాకా వంగి చూశాను. తెల్ల ముళ్ళు నల్ల గుడ్డ మీద అతికించినట్టే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా డయళ్ళన్నీ ఒక తెర వెనక నుంచి చూస్తూ వచ్చానని అప్పుడు తెలిసింది. కుర్రవాడు టీ తాగి వచ్చేసరికి పట్టీ ఇంకా మార్చలేదు.

కాబట్టి పిచ్చా, విద్యా అంటే, రెండూ కొంచెం కొంచెం. అలారం మాత్రం ఇకపై మీవాడిని నిద్ర లేపదు. ఆ కీచుమనే పలుచని బిళ్ళ నూనెలో మునిగిపోయింది కాబట్టి శబ్దం దుప్పటి కింద పిచ్చుకలా వస్తుంది. పరీక్షల రోజుల్లో మీరే లేపాలి.

*

మా బావమరిది యూట్యూబులో చూసి, సిలికాన్ నూనె దొరక్క, ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె పోశాడు. దసరాకు బాగానే ఉంది. డిసెంబరులో ఒక ఉదయం సెకన్ల ముల్లు కదలక, డయల్ మీద పాలు విరిగినట్టు తెల్లటి తరకలు కట్టాయి. గడియారం చచ్చిందా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

చావలేదు, చలికి బిగుసుకుపోయింది. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. స్నానాల గదిలో సీసాను వేడినీళ్ళ చెంబులో పెట్టి కరిగించుకునే ఊళ్ళో ఉంటూ ఈ ఆలోచన ఎలా వచ్చిందో మీ బావమరిదినే అడగాలి. కాసేపు ఎండలో పెట్టండి, ముల్లు కదులుతుంది. కదిలింది కదా అని వదిలేయకండి. తినే నూనెలన్నీ గాలి తగిలితే ముక్కిపోతాయి, కొన్నాళ్ళకు జిగురు కడతాయి. బాణలి అంచున పేరుకున్న నూనె జిడ్డును గోకి చూసినవారికి ఆ జిగురు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. మూత విప్పించి, నూనె అంతా తీసి, కడిగించండి.

కుట్టుమిషను నూనె పోయవచ్చా అని మరో ఇద్దరు అడిగారు. అది పేరుకోదు, నిజమే. కానీ పెట్రోలియం నుంచి వచ్చే నూనెలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తాయి, కొన్ని ప్లాస్టిక్కులను పాడుచేస్తాయి. నేను ఒక పాత గడియారం మీద ప్రయోగం చేసి చూశాను. నాలుగు నెలలకు వెనక మూత రబ్బరు వాషరు సేమియాలా సాగి బయటికి వచ్చింది. ఆ గడియారం ఇప్పటికీ నా సొరుగులో ఉంది, అడిగినవారికి చూపిస్తాను. సిలికాన్ నూనె వీటన్నిటికీ దూరం: పేరుకోదు, ముక్కిపోదు, రంగు మారదు, చాలా ప్లాస్టిక్కుల జోలికి పోదు.

*

ఎవరో జర్మన్ కంపెనీ 5,000 మీటర్ల లోతుకు పనికొచ్చే గడియారం చేసిందని చదివాను. మనుషులు అంత లోతుకు ఈదలేరు కదా. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాకపోతే మరెందుకు?
— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, సైదాబాద్

మాస్టారూ, మీ ప్రశ్నలో సగానికి అవును అనే జవాబు. ఆ కంపెనీ పేరు సిన్, ఊరు ఫ్రాంక్‌ఫర్ట్. యూఎక్స్ అనే గడియారాన్ని జర్మన్ జలాంతర్గాముల ఉక్కుతో చేసి లోపల నూనె నింపారు. లోపలి యంత్రానికి 5,000 మీటర్ల లోతు, పై కేసుకు 12,000 మీటర్ల లోతు అని హామీ ఇచ్చారు. అంతకు ముందే, 1997లో, బెల్ అండ్ రాస్ వాళ్ళ హైడ్రోమ్యాక్స్ 11,100 మీటర్ల లెక్కతో రికార్డు కొట్టింది. అదీ నూనె గడియారమే. సముద్రాల్లో అన్నిటికన్నా లోతైన మరియానా అగాధం సుమారు 10,900 మీటర్లు. అంటే భూమి మీద ఉన్న లోతు చాలక, లేని లోతుకు కూడా గడియారం సిద్ధం చేశారు.

మన హుస్సేన్ సాగర్ ఎక్కువలో ఎక్కువ 32 అడుగులు. 1990లో బుద్ధ విగ్రహం అందులో మునిగి, 1992 డిసెంబరులో పైకి వచ్చింది. ఆ రెండున్నరేళ్ళ పైచిలుకు కాలమంతా దాని మీద పడిన నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికి సమానంగా మరొక్క వంతు, అంతే. పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి 5,000 మీటర్ల దగ్గర అది 500 వంతులు. మూడు సెంటీమీటర్ల గాజు మీద సుమారు మూడున్నర టన్నుల బరువు అవుతుంది. ఒక పెద్ద ఏనుగు గాజు మీద కూర్చున్నట్టు. లోపల గాలి ఉంటే ఆ బరువంతా గాజు ఒక్కటే మోయాలి. గాలి ఒత్తితే కుంచించుకుపోతుంది, ఆసరా ఇవ్వదు. 1960లో ట్రియెస్ట్ అనే నౌకలో ఇద్దరు మరియానా అడుగుకు దిగినప్పుడు దాని బయటి గోడకు ఒక రోలెక్స్ కట్టి పంపారు. దాని గాజు ఎంత మందమంటే కోడిగుడ్డు కోసి బోర్లించినట్టు ఉండేది. చొక్కా చేతిలో ఇమిడే వస్తువు కాదు.

నూనె నింపితే ఈ బాధ లేదు. ద్రవం దాదాపు కుదించుకోదు. బయట నీళ్ళు ఎంత ఒత్తితే లోపల నూనె అంత ఎదురు ఒత్తుతుంది. గాజుకు రెండు వైపులా సమానం. మన రైతులు బోరులో దించే ఆయిల్ మోటార్లను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. మోటారు గదిలో గాలి వదలకుండా నూనె నింపి దించుతారు, అది కిందే ఉండి తిరుగుతుంది.

అయితే లోతు ఒక్కటే కారణమైతే నేను మీ పక్షమే. నీళ్ళలో పనిచేసేవారికి అసలు ఉపయోగం వేరు. ఒక బకెట్ నిండా నీళ్ళు పట్టండి. వాటర్‌ప్రూఫ్ గడియారం, గాజు చదునుగా ఉన్నది, అందులో ముంచి మెల్లగా పక్కకు వంచండి. కాస్త వంచేదాకా టైము కనిపిస్తుంది. ఒక చోట దాటగానే డయల్ మాయమై గాజు వెండి అద్దంలా మెరుస్తుంది. గాజు కింద ఉన్న గాలి పొర చేసే పని అది. నీటిలో నుంచి 49 డిగ్రీలకన్నా ఏటవాలుగా చూస్తే కాంతి గాలిలోకి దాటకుండా మొత్తం వెనక్కి తిరుగుతుంది. మీకు ఇది సంపూర్ణాంతర పరావర్తనం అని చెప్పనక్కర్లేదు. మీరే ఎందరికో చెప్పి ఉంటారు. చీకటి నీటిలో రెండు చేతులా పని పట్టుకుని ఉన్న గజ ఈతగాడు మణికట్టును సరిగ్గా కంటికి ఎదురుగా తిప్పుకోలేడు. ఓరచూపుకే టైము కనిపించాలి. నూనె గడియారంలో గాలి పొరే లేదు కాబట్టి ఏ వైపు నుంచి చూసినా కనిపిస్తుంది.

సైదాబాదులో, బకెట్టు దాటి లోతు లేని మనకు మిగిలేది ఒక చిన్న లాభం. వానాకాలంలో తడిసి ఏసీ గదిలోకి వెళ్ళగానే గాజు లోపల ఆవిరి పట్టిందని జులై నుంచి సెప్టెంబరు దాకా నా దగ్గరికి వరుస కడతారు. లోపల గాలే లేకపోతే ఆవిరి పట్టడానికి చోటే లేదు.

*

మా నాన్నగారి హెచ్ఎంటీ, కీ ఇచ్చే గడియారం. దానికీ నూనె నింపిస్తే అందంగా ఉంటుందని ఆశ.
— ఒక పాఠకుడు, నారాయణగూడ

వద్దు. పంపుల దగ్గర ప్రెషర్ మీటర్లు చూస్తే కొన్నిటిలో చిక్కటి ద్రవం నింపి ఉంటుంది. అది గ్లిసరిన్. యంత్రం అదురుకు ముల్లు ఊగకుండా ఆపడానికి పోస్తారు. మీ నాన్నగారి గడియారంలో ఊగడమే ప్రాణం. ఆ పాత కీ గడియారాల్లో చాలావాటి బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 టిక్కులు కొడుతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు బలం, ప్రతి టిక్కుకూ అందే చిన్న తోపు తప్ప దానికి వేరే బలం లేదు. నూనెలో ముంచితే రెండు మూడు ఊపులకే ఆగిపోతుంది. నేను కీ గడియారాలకు నూనె పెట్టేటప్పుడు సూది మొనకు అంటినంత పెడతాను. అది కూడా ఎక్కువైందని మా గురువుగారు చేతి మీద కొట్టేవారు.

క్వార్ట్జ్ గడియారం సంగతి వేరు. అందులో బుల్లి మోటారు సెకనుకు ఒక్కసారి సగం చుట్టు తిరిగి, మిగిలిన సమయమంతా ఊరికే ఉంటుంది. పలుచటి నూనె దాన్ని ఆపలేదు. సెకన్ల ముల్లు టక్కుమని ఆగే బదులు కాస్త మెత్తగా వాలుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. టైము తప్పుతుందేమోనని అడుగుతారు. తప్పదు, లయ చెప్పే స్ఫటికం లోహపు గొట్టంలో, గాలి తీసేసి, మూసి ఉంటుంది. నూనె దానిదాకా పోదు.

ముళ్ళు నూనెలో, యంత్రం పొడిగా ఉండే గడియారం ఒకటి బెల్జియం వాళ్ళు చేశారు. రెసెన్స్ టైప్ 3, 2013 నాటిది. పై గదిలో నూనె, కింది గదిలో యంత్రం, మధ్య గోడ దాటడానికి అయస్కాంతాలు. ఆ ఆలోచన చేసిన బుర్రకు ఇక్కడి నుంచే దండం. దాని ధరలో మెట్ల కింద నా దుకాణంలాంటివి కొన్ని కొనవచ్చు.

మీ నాన్నగారి హెచ్ఎంటీ తీసుకురండి. గాజు పాలిష్ చేసి ఇస్తాను, చాలా తేడా కనిపిస్తుంది.

*

నా నూనె గడియారంలో జనవరిలో ఒక బుడగ వచ్చింది. చేయి తిప్పితే అటూ ఇటూ పరుగెడుతోంది. మార్చి నాటికి మాయమైంది. ఏప్రిల్లో పట్టీ పక్కన జిడ్డు కనిపిస్తోంది. ఎవరు తప్పు చేసినట్టు?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట

మన ఎండ. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది. సిలికాన్ నూనె ఒక్కో డిగ్రీకి వెయ్యింట ఒక వంతు చొప్పున ఉబ్బుతుంది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. మీ గడియారంలో ఒక మిల్లీలీటరు నూనె ఉందనుకోండి. జనవరి తెల్లవారుజామున కిటికీ పక్కన పెడితే 15 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం స్కూటరు డిక్కీలో మరిచిపోతే 60కి చేరినా ఆశ్చర్యం లేదు. తేడా 45 డిగ్రీలు. వెయ్యింట 45 వంతులు, అంటే దాదాపు ఒక చుక్క. కంటిలో వేసుకునే మందు చుక్క ఒక్కటి. ఆ ఒక్క చుక్కకు గడియారంలో చోటు లేదు. నూనె కుదించుకోదని పై జవాబులో పొగిడాను కదా, ఇక్కడ అదే గుణం తిరగబడుతుంది. అది మూతను నెడుతుంది, గాజును నెడుతుంది, చివరికి బొత్తాల పక్కన ఉన్న రబ్బరును ఒరుసుకుని బయటికి కారుతుంది. చల్లబడ్డాక ఆ ఖాళీలోకి గాలి చేరి, మేస్త్రీ రసమట్టంలో బుడగలా తిరుగుతుంది.

మీ విషయంలో బుడగ ముందు, జిడ్డు తరువాత వచ్చాయి. అంటే నూనె పోసిన రోజు వేడిగా ఉంది. ఏ అక్టోబరు మధ్యాహ్నమో, డాబా మీద గదిలోనో పోసి ఉంటారు. జనవరికి అది కుంచించుకుని బుడగ కనిపించింది. ఏప్రిల్లో మళ్ళీ ఉబ్బేనాటికి రబ్బరు వదులైంది. కంపెనీ గడియారాల్లో దీనికి ఉపాయం ముందే చేసి పెడతారు. నేను పైన చెప్పిన బెల్జియం గడియారంలో హార్మోనియం తిత్తిలాంటి బుల్లి తిత్తులు ఉంటాయి. నూనె ఉబ్బితే అవి ముడుచుకుంటాయి, నూనె తగ్గితే సాగుతాయి. ఇంట్లో పోసుకున్న గడియారానికి తిత్తి లేదు. ప్లాస్టిక్ కేసు కాస్త సాగి సర్దుకుంటుంది. ఉక్కు కేసు సర్దుకోదు. అందుకే ఇంటి ప్రయోగాలకు ప్లాస్టిక్ గడియారమే మేలు అంటాను.

చేతికి ఉన్నంతసేపు పెద్ద ఇబ్బంది లేదు, ఒంటి వేడి దాన్ని ఒక తీరుగా ఉంచుతుంది. తీసి పెట్టిన చోటే గొడవంతా. డిక్కీలో, కారు అద్దం కింద, పూజగది దీపం పక్కన పెట్టకండి. చిన్న బుడగ ఉంటే ఉండనివ్వండి, ఆ చుక్కకు అదే చోటు ఇస్తుంది. నా గడియారంలో ఆవగింజంత బుడగ నేను కావాలనే వదిలాను. ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని పన్నెండు దగ్గరికి నడిపించడం నాకు కాలక్షేపం.

*

మీరు పోసి ఇస్తారా? ఎంత తీసుకుంటారు?
— పదకొండు మంది, వేర్వేరు పేటల నుంచి

పోసి ఇవ్వను. మే నెలలో కారితే నా మెట్ల దగ్గరికే వస్తారు, పదకొండు మందీ. చేసుకునే తీరు చెబుతాను, వినండి. రిమోట్ బొమ్మ కార్ల షాక్ అబ్జార్బర్లలో పోయడానికి సిలికాన్ నూనె చిన్న సీసాల్లో అమ్ముతారు, పలుచటిది తీసుకోండి. చేతివేళ్ళకు దుమ్ము లేకుండా కడుక్కోండి, ఫ్యాను ఆపండి. వెనక మూత మరలు తీసి, రబ్బరు వాషరు పోగొట్టకుండా పక్కన పెట్టి, గడియారాన్ని వెడల్పాటి గాజు గిన్నెలో నూనెలో ముంచండి. బొత్తాలు నొక్కుతూ ఉంటే లోపలి బుడగలు ఒక్కొక్కటే వస్తాయి. అన్నీ వచ్చాయని మీకు అనిపించాక ఇంకా కొన్ని ఉంటాయి. ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు నూనెలో ఉండగానే మూత బిగించండి. ఎంత బిగించాలో చేతికే తెలియాలి, చెప్పడం నా వల్ల కాదు. సెల్లు కొత్తది వేసి మొదలుపెట్టండి. మళ్ళీ విప్పే పని ఏడేళ్ళ దాకా ఉండకూడదు. కంపెనీ గ్యారంటీ అక్కడితో ముగిసిందని గుర్తుంచుకోండి. నాన్నగారిచ్చిన గడియారం, పెళ్ళిలో పెట్టిన గడియారం ఈ గిన్నెలోకి దించకండి.

*

మా వారికి రెటీనా ఊడిందని ఆపరేషన్ చేసి కంటిలో సిలికాన్ ఆయిల్ పెట్టారు. మా మనవడు గడియారంలో పోస్తున్నదీ సిలికాన్ ఆయిలే అంటున్నాడు. రెండూ ఒకటేనా? నూనె పెట్టిన తరువాత ఆయన కళ్ళజోడు పవరు కూడా పూర్తిగా మారిపోయింది. దీనికీ గడియారానికీ ఏమైనా సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు, తార్నాక

అమ్మా, ఈ పేజీకి ఇలాంటి ఉత్తరం వస్తుందని అనుకోలేదు. రెండూ ఒకే వంశం. కంటిలో పెట్టేది చాలా చిక్కగా ఉంటుంది, ఆసుపత్రి కోసమే ప్రత్యేకంగా శుద్ధి చేసినది. ఊడిన రెటీనాను గోడకు ఆనించి పట్టి ఉంచడానికి పెడతారు. సాధారణంగా కొన్ని నెలల తరువాత తీసేస్తారు. మీ మనవడి సీసాకు, దానికి ఎక్కడా పోలిక పెట్టకండి, చుక్క కూడా ఆ వైపు పోనివ్వకండి.

పవరు మారడానికి మాత్రం గడియారంతో సంబంధం ఉంది. కంటి లోపల సహజంగా ఉండే ద్రవం దాదాపు నీటిలాంటిది, గుణకం 1.34 దగ్గర. దాని స్థానంలో 1.40 ఉన్న నూనె చేరితే కాంతి వంగే తీరు మారుతుంది. గడియారంలో అంకెలు పైకి తేలినట్టు కనిపించడానికి కారణమైన గుణమే ఇక్కడ కళ్ళజోడు నంబరు మార్చింది. నూనె తీశాక నంబరు మళ్ళీ మారుతుంది. కాబట్టి ఇప్పుడే ఖరీదైన ఫ్రేము చేయించకుండా, ఎప్పుడు తీస్తారో డాక్టరు గారిని అడిగి అప్పుడు నిర్ణయించుకోండి. అప్పటిదాకా ఆయనకు టైము కనిపించక ఇబ్బందిగా ఉంటే, పెద్ద అంకెల గోడ గడియారం ఒకటి నా దగ్గర ఊరికే పడి ఉంది. మనవడిని పంపండి.